క్యాచర్ గారి ఒక్క ఇన్నింగ్స్

పోయిన నెల మోకాళ్ళ డాక్టరు నా ఎక్స్‌రేని వెలుతురుకి ఎత్తి పట్టుకుని, తవ్వకాల్లో దొరికిన కుండపెంకుని చూసినట్టు చాలాసేపు చూశాడు. తర్వాత ఇక ఈ జన్మలో గొంతుక్కూర్చోవద్దన్నాడు. ఆ మాట ఇంగ్లీషులో చెప్తే నాకు సరిగ్గా ఎక్కదనుకున్నాడో ఏమో, ఆరడుగుల మూడంగుళాల మనిషి తెల్లకోటుతో సహా గది మధ్యలో సగం దాకా వంగి చూపించి, ఇలా మాత్రం చెయ్యకు అని వేలు ఆడించాడు. ఆయన మడమలు రెండూ గాల్లో ఉన్నాయి. నాకు నవ్వొచ్చింది. "మడమలు లేచాయి డాక్టర్" అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. అర్థమయ్యే మనిషి ఒక్కడే ఉండేవాడు. ఆయన పోయిన చలికాలంలో వెళ్ళిపోయాడు.

ఆయన పేరు చెప్పను. చెప్పినా మీరు వినుండరు. చిన్న లీగుల్లో పదకొండేళ్ళు బేస్‌బాల్ ఆడిన మనిషి. ఆయన ఆడిన ఊళ్ళన్నీ మ్యాపులో సరిగ్గా మడత పడేచోట ఉంటాయి, రెండేళ్ళు మ్యాపు వాడితే చిరిగిపోయి కనపడకుండా పోతాయి. మా ఇంటి వరకూ ఆయన క్యాచర్ గారు. ఆ 'గారు' తగిలించింది మా ఆవిడ. అదేమిటని ఆయన అడిగితే, పెద్దవాళ్ళకి మర్యాదగా చేరుస్తామని చెప్పింది. పదకొండేళ్ళలో ఏ అంపైరూ తన పేరు వెనకాల ఇంత మంచి మాట తగిలించలేదని మురిసిపోయి, అపార్ట్‌మెంట్ ఆఫీసులో అందరూ తనని అలాగే పిలవాలని హుకుం జారీ చేశాడు. ఆయన ఇంగ్లీషులోనే మాట్లాడేవాడు. నేను నా భాషలో చెప్తున్నాను. రుచి కొంచెం మారితే తప్పు వంటవాడిది.

నేనాయన్ని మొదట చూసింది రెండు వేల ఒకటి చివర్లో, టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో. అప్పుడు నేను బెంచ్ మీద ఉన్నాను. బెంచ్ అంటే మనవాళ్ళకి చెప్పక్కర్లేదు: ప్రాజెక్ట్ ఉండదు, జీతం ఉండదు, వీసా మాత్రం నెత్తిమీద కొబ్బరికాయలా వేలాడుతూ ఉంటుంది. పొద్దున్నే కాఫీ కప్పు పట్టుకుని మెట్ల కింద గొంతుక్కూర్చుని, పార్కింగ్‌లో కార్లు ఆఫీసులకి వెళ్ళిపోవడం చూస్తూ ఉండేవాణ్ణి. ఒకరోజు టూల్‌బాక్స్ మోస్తున్న పెద్దాయన ఒకడు నా ముందు ఆగాడు. నా మొహం చూడలేదు. పాదాలు చూశాడు. చుట్టూ తిరిగి వెనకనుంచి కూడా చూశాడు. సంతలో ఎద్దుని కూడా ఎవరూ అంత శ్రద్ధగా చూడరు.

"ఎన్నేళ్ళు ఆడావు?" అన్నాడు.

ఏమిటి ఆడడం అన్నాను.

"క్యాచర్‌గా. మడమలు నేలకానించి ఇలా కూర్చునేవాణ్ణి నేను జన్మలో చూడలేదు అబ్బాయ్. మావాళ్ళంతా కాలివేళ్ళ మీద కూర్చుని, ముప్ఫై ఏళ్ళకే మోకాళ్ళు పోగొట్టుకున్నారు."

మా దేశంలో అందరూ ఇలాగే కూర్చుంటారనీ, బస్సు రాకపోయినా ఇలాగే, వచ్చి వెళ్ళిపోయినా ఇలాగే కూర్చుంటామనీ చెప్పాను. మొత్తం ఎంతమంది అన్నాడు. వంద కోట్లు అన్నాను. ఆయన టూల్‌బాక్స్ కింద పెట్టి, టోపీ తీసి, మెట్టుమీద కూలబడ్డాడు. "వంద కోట్లమంది క్యాచర్లా" అన్నాడు మెల్లగా. "మరి బంతి విసిరేవాడెవడు?"

బేస్‌బాల్ తెలియనివాళ్ళకి ఒక్క ముక్క. క్యాచర్ అంటే మన వికెట్‌కీపర్ లాంటివాడు. బ్యాట్ పట్టినవాడి వెనకాల, ఆటంతా గొంతుక్కూర్చునే ఉంటాడు. ఏ బంతి వెయ్యాలో విసిరేవాడికి వేళ్ళతో సైగ చేస్తాడు. ఆ సైగ ఎదుటి జట్టుకి కనపడకుండా తన తొడల మధ్య చేస్తాడు. ఒక వేలు చూపిస్తే సూటిగా, రెండు చూపిస్తే వంపు తిప్పి, పిడికిలి చూపిస్తే ఎవడికీ అందకుండా బయటికి విసిరెయ్యమని. పిడికిలి ప్రమాదం వచ్చినప్పుడే. ఇవన్నీ ఆయన ఆ మెట్లమీదే నాకు నేర్పాడు. పని లేనివాడికి ఏ చదువైనా ఇట్టే వస్తుంది.

ఆయన అప్పటికి డెబ్భైకి దగ్గర. మా అపార్ట్‌మెంట్లలో రిపేర్లన్నీ ఆయనవే. ఆయన మెట్లెక్కుతుంటే మోకాళ్ళ చప్పుడుకి మూడో బిల్డింగ్‌లో కుక్క లేచి దీపావళి వచ్చిందేమోనని మంచం కింద దూరేది. కుడిచేతి వేళ్ళు ఒక్కొక్కటీ ఒక్కో సీజన్‌లో విరిగి, ఒక్కొక్కటీ ఒక్కో దిక్కుకి అతుక్కున్నాయి. ఆయన్ని దారి అడిగితే అంతే సంగతులు. చెయ్యి చాపితే ఐదు హైవేలు ఒకేసారి చూపించేవాడు.

ఎక్కడికెళ్ళినా గోడకి వీపు ఆనించి, జనానికి ఎదురుగా కూర్చునేవాడు. చర్చిలోనూ అంతే. అందరూ పాస్టర్‌ని చూస్తుంటే, ఈయన పాటలు పాడేవాళ్ళ పక్కన కుర్చీ వేసుకుని అందర్నీ చూసేవాడు. ఎందుకలా అంటే, జట్టులో తొమ్మిదిమంది ఉంటే ఎనిమిదిమంది ఒకవైపు చూస్తారనీ, ఒక్క క్యాచరే వాళ్ళందరి మొహాలూ చూస్తాడనీ, ఎవడు భయపడుతున్నాడో ఎవడి బూటుతాడు ఊడిందో అతనికొక్కడికే తెలుస్తుందనీ చెప్పాడు. నన్ను చూసిన మొదటిరోజే నా మొహంలో ఏం చదివాడో ఏమో, ఆ శీతాకాలమంతా మా హీటర్ చెడకపోయినా వారానికి రెండుసార్లు బాగుచేసి వెళ్ళేవాడు.

ఇంకో విద్య ఉండేది. క్యాచర్ అంపైర్‌తో పోట్లాడేటప్పుడు వెనక్కి తిరగకూడదట. తిరిగితే జనం ముందు అంపైర్ పరువు పోతుంది, అప్పుడు వాడు జన్మలో మాట వినడు. అందుకని ముందుకే చూస్తూ, పెదాలు కదపకుండా, ఎంత తిట్టాలో అంతా తిట్టాలి. ఆయన తన భార్యతోనూ, అపార్ట్‌మెంట్ మేనేజర్‌తోనూ ఇదే పద్ధతిలో పోట్లాడేవాడు. దంపతులిద్దరూ చర్చి వరండాలో పక్కపక్కన నిలబడి, ఎదురుగా ఉన్న చెట్టుని చూస్తూ, చిరునవ్వులతో అరగంట కొట్టుకునేవాళ్ళు. చూసినవాళ్ళు ఎంత అన్యోన్యమో అనుకునేవాళ్ళు. మా ఆవిడ ఈ విద్య నేర్చుకున్నాక మా ఇంట్లో నేను గెలిచిన పోట్లాట ఒక్కటీ లేదు.

మా రెండు ఇళ్ళనీ నిజంగా కలిపింది మాత్రం మునక్కాయ. సింకులో చెత్త నమిలే మిషన్ ఉంటుంది కదా, ఏదైనా నమిలేస్తుందని అమెరికా వచ్చిన కొత్తలో మనవాళ్ళకి దానిమీద ఒక భక్తి. ఒకరోజు సాంబారు తిన్నాక మునక్కాయ పిప్పి అంతా అందులో పోశాను. అది ఒక్కసారి గుర్రుమని, వేటపడ్డ పొట్టేలులా మూలిగి ఆగిపోయింది. క్యాచర్ గారొచ్చి సింకు కింద పడుకుని గంటసేపు పీచు లాగారు. ఆ పీచుతో నావకి లంగరు వెయ్యొచ్చు. "మీరు తాడు తింటారా?" అని అడిగాడు. మా ఆవిడ సిగ్గుపడి, ఆయన్ని కూర్చోబెట్టి అన్నంలో సాంబారు పోసి, రెండు ముక్కలు వేసింది. ఎలా తినాలో చెప్పబోయింది. అక్కర్లేకపోయింది. పదకొండేళ్ళు మైదానం పక్కన కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు నమిలి పొట్టు ఉమ్మిన నోరది. ముక్క నోట్లోకి వెళ్ళింది, గుజ్జు లోపల ఆగింది, పిప్పి సూటిగా వచ్చి పళ్ళెం అంచున పడింది. మా అల్లుళ్ళెవరూ ఇంత శుభ్రంగా తినరు అంది మా ఆవిడ. మాకు అల్లుళ్ళే లేరు, అది వేరే సంగతి.

ఆ తర్వాత భార్యని కూడా తీసుకొచ్చాడు. ఆమె సన్నగా, తెల్లగా, స్కూల్ క్యాంటీన్లో ముప్ఫై ఏళ్ళు గరిటె తిప్పి, ఎవర్ని చూసినా ఆకలితో ఉన్నారనుకునే మనిషి. పిల్లల్లేరు. ఆమె దగ్గర ఒకే ఒక్క కథ ఉండేది. నాకు తెలిసి నాలుగు వందలసార్లు చెప్పింది. నేను కొంచెం పెంచి చెప్తానని మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది కాబట్టి నలభై వేసుకోండి. ఎన్నిసార్లు చెప్పినా అవే మాటలు, అదే వరస.

"ఆ సెప్టెంబర్లో నాకు ఆరో నెల. ఆస్పత్రిలో ఉన్నాను. పాప దక్కలేదు. సరిగ్గా ఆ సాయంత్రమే, అక్కడ ఈయన్ని పెద్ద లీగ్‌లో ఆడించారు. ఒక ఇన్నింగ్స్. దేవుడు నా ఒడి ఖాళీ చేసిన రోజే ఈయన గ్లవ్ నింపాడు."

ఆ మాట చెప్పేటప్పుడు ఆమె మొహంలో ఏడుపు ఉండేది కాదు. కష్టమైన ఒక రోజుని మడిచి, ఇస్త్రీ చేసి, చీరల మధ్య దాచుకున్నట్టు ఉండేది. ఆయన మాత్రం ఆ కథ జరుగుతున్నంతసేపూ తన వేళ్ళు చూసుకునేవాడు.

ఇక నా ఘనకార్యం చెప్పాలి. ఆరు నెలలు బెంచ్ మీద ఉన్నవాడు ఇంటర్నెట్‌లో వెతకనిది ఉండదు. డయలప్ కనెక్షన్ గీపెట్టుకుంటూ లోడయ్యే ఒక సైట్‌లో, పెద్ద లీగ్‌లో ఒక్క నిమిషం నిలబడినవాడి పేరు కూడా ఉంటుందని తెలిసింది. క్యాచర్ గారి పేరు కొట్టాను. లేదు. ఆ సెప్టెంబర్ మొత్తం, ఆ జట్టు ఆడిన ప్రతి ఆటా వెతికాను. ఎక్కడా లేదు. తెలుగు ప్రోగ్రామర్‌కి ఇంకొకడి పనిలో తప్పు దొరికితే కలిగే ఆనందం తిరుపతి లడ్డు దొరికినా కలగదు. ఆ ఆనందం పట్టలేక మా కింది అపార్ట్‌మెంట్ సురేందర్‌కి చెప్పేశాను. అతనిది వరంగల్, నోరు నా నోటి కంటే పెద్దది.

మే నెలాఖరు సెలవునాడు స్విమ్మింగ్ పూల్ పక్కన, తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్. ఒక బల్లమీద పులిహోర, పక్క బల్లమీద కాల్చిన మాంసం పక్కటెముకలు, మధ్యలో ఏ మతానికీ చెందని బంగాళదుంపల సలాడ్. యాభైమంది ఉన్నారు. సరే, ఇరవై. క్యాచర్ గారు ప్లాస్టిక్ కుర్చీ గోడకి ఆనించుకుని అందరికీ ఎదురుగా కూర్చున్నారు. ఆమె కొత్తగా వచ్చిన ఒక జంటకి కథ మొదలుపెట్టింది. ఒడి ఖాళీ దగ్గరకొచ్చింది, గ్లవ్ నిండింది. ఆ జంట కళ్ళు చెమ్మగిల్లాయి. అప్పుడు సురేందర్ నన్ను మోచేత్తో పొడిచాడు.

"అన్నా, కంప్యూటర్ల ఏందో జూసిన అన్నవ్ గదా. చెప్పరాదు జర."

నేను లేచి నిలబడ్డాను. నన్ను నేను ఆపుకోవడం నాకు చిన్నప్పట్నుంచీ రాదు. ఒక చిన్న తమాషా ఉందండీ అన్నాను. నిన్న రాత్రి నేను కంప్యూటర్లో ఆ సాయంత్రం ఆట వెతికానన్నాను. ఆమె ఎంత ఆశగా నావైపు తిరిగిందో. తన కథకి నలభై ఏళ్ళ తర్వాత సాక్షి దొరికాడనుకుంది పాపం.

అప్పుడు క్యాచర్ గారివైపు చూశాను. మొహంలో ఏమీ లేదు. కళ్ళు పూల్ నీళ్ళమీద ఉన్నాయి. కుడిచెయ్యి మాత్రం మోకాళ్ళ మధ్యకి దిగింది, నాకొక్కడికే కనపడేటంత లోతుకి. వంకర వేళ్ళు ఐదూ ఒక్కొక్కటే ముడుచుకున్నాయి.

పిడికిలి.

మాట అప్పటికే నా చేతిలోంచి సగం జారింది. దాన్ని ఎలా తిప్పానో దేవుడికే తెలియాలి. అరగంట వెతికినా ఒక్క పేరూ దొరకలేదనీ, ఆ సైట్‌ని తిట్టుకుంటూ పడుకున్నాననీ, నేను వెతికింది బాస్కెట్‌బాల్ వాళ్ళ జాబితాలో అని ఈ పొద్దున్నే తెలిసిందనీ చెప్పాను. అందరూ పూల్ నీళ్ళు కదిలేట్టు నవ్వారు. "గందుకే అన్నా, నీకు ప్రాజెక్ట్ వస్తలేదు" అన్నాడు సురేందర్. ఆమె లేచొచ్చి నా చెంప నిమిరింది. నాకు ఉద్యోగం రావాలని ప్రార్థన చేస్తానంది, ఇంకో రెండు పక్కటెముకలు నా పళ్ళెంలో వేసింది. నేను గోంగూర తప్ప పుల్లనిది తిననివాణ్ణి, ఆ పుల్లటి సాస్‌తో సహా తిన్నాను. నెల తిరక్కుండా ఉద్యోగం వచ్చింది. అది ఆమె ప్రార్థన వల్లేనని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

మర్నాడు ఆయన టూల్‌బాక్స్ పట్టుకుని వచ్చాడు. మా ఇంట్లో ఏదీ చెడలేదు. అయినా తిన్నగా వెళ్ళి సింకు కింద పడుకున్నాడు. నేను పక్కన గొంతుక్కూర్చుని అడిగిన పానా అందించాను. ఆయన కాళ్ళు మాత్రమే నాకు కనిపిస్తున్నాయి. గొంతు పైపుల మధ్య నుంచి వచ్చింది.

ఆ సెప్టెంబర్లో పెద్ద జట్టుకి ఆయన్ని పిలిచిన మాట నిజం. తొమ్మిది రోజులు వాళ్ళతో ఉన్నాడు, వాళ్ళ బట్టలు వేసుకున్నాడు, ఆటకి ముందు వాళ్ళకి బంతులు పట్టి పెట్టాడు. ఆ సాయంత్రం అసలు క్యాచర్ చేతికి దెబ్బ తగిలింది. మేనేజర్ ఈయనవైపు తిరిగి, తొడుక్కో అన్నాడు. మోకాళ్ళకి కవచాలు కట్టుకున్నాడు, ఛాతీకి కట్టుకున్నాడు, లేచి నిలబడ్డాడు. దెబ్బ తగిలినవాడు చెయ్యి విదిలించుకుని ఆడతానన్నాడు. ఈయన మళ్ళీ కూర్చున్నాడు. నాలుగు నిమిషాలు. జీవితంలో అంతే. ఆట అయ్యాక ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చిందన్నారు. మెట్లకింద కాయిన్ బాక్స్ దగ్గరకెళ్ళి తిరిగి చేశాడు. పాప లేదని చెప్పి ఆమె ఏడుస్తూనే ఉంది. ఆపకుండా ఏడుస్తోంది. పన్నెండు వందల మైళ్ళ దూరంలో, ఒళ్ళంతా కవచాలతో నిలబడ్డ మనిషికి ఏం చెప్పాలో తెలియలేదు.

"ఇవాళ నన్ను ఆడించారన్నాను" అన్నాడు. "ఏడుపు ఆగింది. నిజమా, ఎంతసేపు అంది. ఒక ఇన్నింగ్స్ అన్నాను. దాన్ని ఇప్పుడు తీసేస్తే, అబ్బాయ్, ఆ రోజున ఆమెకి ఇంకేం మిగులుతుంది?"

పానా వెనక్కి ఇచ్చాడు. సింకు బాగానే ఉందన్నాడు.

తర్వాత మేం ఇల్లు కొనుక్కుని ఓ ఇరవై నిమిషాల దూరం వెళ్ళాం. ఆయన ఉద్యోగం మానేశాడు గాని మా ఇంటి సింకు మానలేదు. మునక్కాడలు దొరికినప్పుడల్లా మా ఆవిడ ఫోన్ చేసేది, ఇద్దరూ వచ్చేవాళ్ళు. అలా ఎనిమిదేళ్ళు గడిచాక ఆమెకి లోపలెక్కడో కేన్సర్ వచ్చింది. కనిపెట్టేటప్పటికే డాక్టర్లు గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు. మందులు ఆపేసి, నొప్పి తెలియకుండా చూసుకునే చోటికి మార్చారు.

మార్చిన రోజు సాయంత్రం నేనూ అక్కడే ఉన్నాను. ఆమె ఆయనవైపు తిరిగి ఆ ఇన్నింగ్స్ చెప్పమంది. ప్రతి బంతీ చెప్పమంది. యాభై ఏళ్ళలో ఆ కథ ఆమె చెప్పడమే గాని ఆయన్ని ఎప్పుడూ అడగలేదు. ఆయన నావైపు చూశాడు. ముందుకి తప్ప చూడని మనిషి పక్కకి చూడడం అదే మొదలు. నా దగ్గర ఏ సైగా లేదు. ఆయన మంచం పక్కన కుర్చీ గోడకి జరుపుకుని, గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

నేను ఆవగింజని గుమ్మడికాయ చేసేవాణ్ణి. ఆయన ముందు నేను ఎందుకూ పనికిరాను. ఆ సాయంత్రం గాలి ఎటు వీచిందో చెప్పాడు. బంతి విసిరేవాడి చొక్కాకి మూడో గుండీ లేదని చెప్పాడు. మొదటి బ్యాటర్ ఔటవడానికి ఒక రోజు పట్టింది. రెండోవాడికి ఒకటిన్నర రోజు. ఔటయినప్పుడల్లా చెయ్యెత్తి చూపించేవాడు. రెండు ఔట్లకి మాత్రం చూపుడువేలూ చిటికెనవేలూ ఎత్తాలి, పక్కపక్క వేళ్ళెత్తితే దూరంనుంచి ఒకటిలా కనిపిస్తుందట. ఆయన వేళ్ళకి అది మేకపోతు కొమ్ముల్లా ఉండేది. ఆమె నవ్వేది. ముగ్గురు ఔటయితే ఆ వంతు అయిపోతుంది. మూడోవాడు వచ్చాడు.

మూడోవాడు ఔటవడు. బంతిని గీత బయటికి కొడితే ఫౌల్, అలా ఎన్ని కొట్టినా ఆట సాగుతూనే ఉంటుంది. వాడు కొట్టిన ఫౌల్ బంతులకి టెక్సస్‌లో సగం కార్ల అద్దాలు పగిలి ఉండాలి. మూడు రోజులు కొట్టాడు. నర్సులు డ్యూటీ దిగుతూ తలుపు దగ్గర ఆగి, ఇంకా వాడే ఉన్నాడా అని అడిగి వెళ్ళేవాళ్ళు.

ఆమె రోజురోజుకీ చిక్కిపోతోంది. నాకు ఉండబట్టలేదు. వరండాలో కాఫీ మిషన్ ముందు ఆయన పక్కన నిలబడి, మిషన్‌నే చూస్తూ, పెదాలు కదపకుండా పోట్లాడాను. ఆమె చివర విందామని చూస్తోందేమో, వాణ్ణి ఔట్ చేసి కథ ముగించమన్నాను. ఆయన కూడా మిషన్‌నే చూశాడు.

"ఈ ఆటకి గడియారం లేదు అబ్బాయ్. మూడో ఔట్ పడేదాకా ఎవరూ ఇంటికి వెళ్ళక్కర్లేదు."

కాఫీ కప్పులో పడడం అయిపోయింది. ఇద్దరం తియ్యలేదు.

ఆ మధ్యాహ్నం ఆయన మొహం కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు ఆమె కళ్ళు తెరిచి నన్ను దగ్గరికి రమ్మంది. నేను మంచం పక్కన గొంతుక్కూర్చున్నాను, చెవి ఆమె నోటికి అందేట్టు.

"తొందరపడొద్దని చెప్పు. ఈసారి చాలా బాగా ఆడుతున్నాడు."

ఈసారి అంది. తొందరపడొద్దన్న మాట ఆయనకి చెప్పాను. రెండో మాట చెప్పలేదు. జన్మలో నేను నోరు మూసుకున్నది అప్పుడే.

ఆమె ఏడోరోజు పొద్దున్న పోయింది. ఒక బంతికీ ఇంకో బంతికీ మధ్యలో. నేను వెళ్ళేసరికి ఆయన కుర్చీ గోడకే ఉంది. నన్ను చూసి చూపుడువేలూ చిటికెనవేలూ ఎత్తాడు.

ఆ తర్వాత ఇంకో నాలుగేళ్ళు ఉన్నాడు. ఉన్నాడంటే ఉన్నాడు. మా ఇంటికి వస్తే మునక్కాయ నమిలేవాడు గాని పిప్పి పళ్ళెం అంచుకి కాకుండా ఎక్కడో పడేది. ఎదురుగా కూర్చోవడానికి ఎవరూ లేనట్టు ఒక్కోసారి కుర్చీ కిటికీవైపు తిప్పుకునేవాడు. చివరి ఏడాది పక్షవాతం వచ్చి మాట పోయింది. నర్సింగ్ హోమ్‌లో చక్రాల కుర్చీలో పెట్టారు. వాళ్ళకి తెలియక కుర్చీ గోడవైపు తిప్పి ఉంచారు. నేను గిరుక్కున తిప్పి ఆయన్ని హాలుకి ఎదురుగా పెట్టాను. కళ్ళు ఒక్కొక్క మొహంమీదా ఆగుతూ వెళ్ళాయి, ఎవరి బూటుతాడు ఊడిందో చూస్తున్నట్టు.

ఆయన ముందు గొంతుక్కూర్చున్నాను. ఆయన నా మడమలు చూశాడు. రెండూ నేలకే ఉన్నాయి. తల ఊపాడు. స్కోరెంత అని అడిగాను. ఎడమచెయ్యి చాలాసేపు వణికి మెల్లగా పైకి లేచింది. చూపుడువేలు, చిటికెనవేలు. వాడింకా క్రీజులోనే ఉన్నాడన్నమాట, ఫౌల్స్ కొడుతూ. నేను లేవబోతే లేవలేకపోయాను. రెండు మోకాళ్ళూ ఒకేసారి పట్టేశాయి. ఇద్దరు నర్సులు చంకల్లో చేతులేసి నన్ను బస్తాలా లేపాల్సొచ్చింది. ఆయన భుజాలు చప్పుడు లేకుండా కదిలాయి. ఆయన నవ్వడం నేను చూడడం అదే ఆఖరు.

చలికాలంలో చర్చి ఆఫీసులో పనిచేసే ఆవిడ ఫోన్ చేసింది. సమాధి చేసే రోజున పంచడానికి ఒక కాగితం అచ్చు వేస్తున్నారట, ఆయన జీవితం నాలుగు ముక్కల్లో. బంధువులెవరూ లేరు కాబట్టి నన్నడగమన్నారట. పుట్టిన ఊరు, రిపేర్ల ఉద్యోగం, పెళ్ళి, అన్నీ సరిచూసుకుంది. తర్వాత కాస్త ఇబ్బందిగా గొంతు తగ్గించింది. పెద్ద లీగ్‌లో ఒక ఇన్నింగ్స్ పూర్తిగా ఆడారని ఆయన భార్య ఎప్పుడూ చెప్పేదట. అచ్చులో తప్పు పోకూడదని తను కంప్యూటర్లో చూసిందట. ఎక్కడా దొరకలేదట. మీరు కంప్యూటర్ మనిషి కదా, మీకు తెలిసే ఉంటుంది అంది.

దోమని ఏనుగు చేసిన పాపం నేను చాలాసార్లు చేశాను. కానీ దోమైనా ఉండేది. అసలేమీ లేనిచోట ఏనుగుని నిలబెట్టింది ఆ ఒక్కసారే. తడుముకోకుండా చెప్పాను.

"నేను చూశానమ్మా. ఉంది."

ఆమె ఊపిరి తేలికగా వదిలింది. అయితే పెద్ద లీగ్‌లో ఒక ఇన్నింగ్స్ పూర్తిగా ఆడారని వేసేస్తానంది.

"పూర్తిగా అన్న మాట తీసెయ్యండి" అన్నాను.

ఎందుకంది.

"మూడో ఔట్ ఇంకా పడలేదమ్మా."

అటునుంచి కీబోర్డు మీద ఒకే మీట నాలుగైదుసార్లు నొక్కిన చప్పుడు వినిపించింది.